జోడు కుదరని మిషన్

సెప్టెంబర్ 14, 1999

జంగయ్య మూతి పగలగొట్టాను. తార్నాకలో, మా షట్టర్ ముందే, బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా చూస్తుండగా. ముందు పన్ను ఊడి రోడ్డు మీద పడింది. నా చిటికెన వేలు వాచింది. అందుకే అక్షరాలు ఇట్లా వంకర... మామూలుగానూ వంకరే, ఈరోజు ఇంకాస్త.

వాడు నా గోదాలో మట్టి పూసుకుని పెరిగినవాడే. సీతాఫల్‌మండి తాలీమ్‌లో వాడికి మొదటి పట్టు నేర్పింది నేను. ఇప్పుడు రోడ్డుకు ఆ పక్క వాడి గేముల దుకాణం, ఈ పక్క నాది. యూనివర్సిటీ హాస్టళ్ళ పిల్లలు వస్తారు, కంప్యూటర్ల ముందు కూర్చుని తుపాకులతో చంపుకుంటారు. ఈరోజు మా బెంచీ మీద వంతు కోసం కూర్చున్న పిల్లల్ని వాడు రెక్కపట్టి లేపుకుపోయాడు. పోతూ ఒక మాట. "ఉస్తాద్, మీ డబ్బాలు తూకానికి అమ్ముకోండ్రి. పాత ఇనుపోడు గీడనే తిరుగుతుండు."

నా పిడికిలి ఎంత తూగుతుందో చూపించాను.

సెప్టెంబర్ 15

బజారు పెద్దమనుషులు ఇద్దర్నీ టీ హోటల్‌లో ఎదురెదురుగా కూర్చోబెట్టారు. రోజూ ఈ రక్తాలేమిటి, ఒక్కసారి తేల్చుకోండి అన్నారు. జంగయ్య మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని షరతు చెప్పాడు. ఆటతోనే తేల్చుకోవాలట. వాడి కొడుకు శ్రీను ఒక పక్క. మా తరఫున ఎవరైనా ఒకరు. ఎవరి మిషన్ వాళ్ళు తెచ్చుకోవాలి. దసరా తరవాత వచ్చే ఆదివారం. ఓడినవాడు షట్టర్ దించి తార్నాక వదిలిపోవాలి, మళ్ళీ ఈ బజారులో కాలు పెట్టకూడదు.

సరే అన్నాను. వాడు మాట ముగించకముందే అన్నాను.

ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది, మా తరఫున ఆడేదెవరో ఆలోచించనే లేదని. నా పెద్దకొడుకు బిడ్డ రజిత చెప్పులు విప్పుతూ నవ్వింది. దుకాణం నడిపేది అదే. పొద్దున డిగ్రీ కాలేజీ, మధ్యాహ్నం నుంచి షట్టర్.

"ఇంకెవరు తాతా? నేనే."

"ఆడపిల్లతోని ఆడతడా వాడు?"

"సచ్చేటప్పుడు ఎవరు సంపిన్రో సూసుకుంటడా ఏంది?"

సెప్టెంబర్ 17

మా దుకాణంలో ఉన్న మిషన్లు ఏవీ పనికిరావట. కొత్తది కట్టాలంటుంది రజిత. కంపెనీ డబ్బా తేవడం కాదు. ఒక్కో భాగం మనమే ఏరి, మనమే కలపాలి.

ఇది నాకు నచ్చింది. తయారైన పైల్వాన్‌ను ఎవడూ కొనుక్కురాడు. ఎముక చూసి, మెడ చూసి, పిల్లవాణ్ణి తెచ్చి తయారు చేసుకుంటాడు.

మదర్‌బోర్డు అని ఒక పచ్చటి పలక. అన్నీ దాని మీదే నిలబడాలి. గోదా అన్నమాట. దాని మీద ప్రాసెసర్, లెక్కలన్నీ అదే చేస్తుంది. ర్యామ్ అంటే దమ్ము. కరెంటు పెట్టె తిండి పెట్టేది. ఇవన్నీ ఒప్పుకున్నాను. చివర గ్రాఫిక్స్ కార్డు అన్నది, బొమ్మ గీసేది అదేనట, గెలుపోటములు దాని చేతిలోనేనట. మిగతావన్నీ దాన్ని మోయడానికే. దుకాణంలో ఉన్నది ఒకటి తీసి చూపించింది. అరచెయ్యంత. వేలితో వంచితే విరిగేటట్టుంది.

దీనికా ఇంత సేవ... ఏమో.

సెప్టెంబర్ 19

మిషన్ డబ్బుల కోసం ఇంటి బర్రెను అమ్మేశాం. మాణికేశ్వర్ నగర్‌లో గల్లీ గల్లీ చూస్తుండగా తాడు విప్పి ఇచ్చాను. పైల్వాన్ ఇంట్లో పాలు లేవు. కోడలు గిన్నెలు గోడకు కొట్టింది. కొట్టనీ.

సెప్టెంబర్ 21

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారు. మెట్ల కింద, మెట్ల మీద, అన్నీ అవే దుకాణాలు. అట్టపెట్టెల కంపు.

పైన తొడిగే డబ్బా నేను ఏరుతానన్నాను. రజిత సరేనన్నది. మొదటివాడు చూపించినదాన్ని బొటనవేలితో నొక్కితే సొట్ట పడింది. "దెబ్బకు ఆగేటిది ఇయ్యి, అప్పడం కాదు" అన్నాను. వాడు మొహం మాడ్చాడు. నాలుగు దుకాణాలు తిరిగాక దొరికింది, మందం రేకు, మూలలు ముడుచుకోవు. భుజాన వేసుకుంటే భుజం తెలిసింది. కరెంటు పెట్టె కూడా బరువు చూసే తీశాను. ఆ ఊపులో మౌస్ కూడా అన్నిట్లోకీ బరువైనది తీస్తే లాక్కుని వెనక్కి విసిరింది.

"గ్రౌండ్ల రోలర్ గుంజుతున్నమా తాతా?"

దుకాణంవాళ్ళు నవ్వారు. యూనివర్సిటీ గ్రౌండ్‌లో రోలర్ లాగి రిటైరయినవాణ్ణి నేను. ఇంకెవడైనా ఆ మాట అంటే పళ్ళు రాలేవి. దీన్ని ఏమంటాం. దానిదీ నా నోరే.

ప్రాసెసర్ మెట్ల పక్క దుకాణంలో తీసుకుంది. అన్నిటికన్నా వేగం గలదట. వాడు పట్టుగుడ్డలో బంగారం ఇచ్చినట్టు ఇచ్చాడు.

సెప్టెంబర్ 24

వంటింట్లో చాప మీద అన్నీ పరిచి బిగించింది. వెలిగింది. గల్లీ పిల్లలు కిటికీకి వేలాడారు.

ఆట మొదలైన కాసేపటికి బిగుసుకుపోయింది. మళ్ళీ వెలిగించింది. మళ్ళీ అంతే. చెయ్యి పెడితే కాలుతుంది. ఫ్యాన్ తీసి, ప్రాసెసర్ మీద స్పిరిట్ గుడ్డతో రుద్దింది రజిత. పైన అచ్చేసిన అక్షరాలు గుడ్డకు అంటుకుని వచ్చాయి. కింద వేరే అంకె. తక్కువ వేగం గలదాని మొహం గీకి, ఎక్కువ వేగం పేరు కొట్టాడు. కుంటి ఎద్దుకు కొమ్ములకు రంగేసి సంతలో నిలబెట్టినట్టు.

రజిత ఏడవలేదు. ఆ చిప్పు వంక చూస్తూ కూర్చుంది. అది చూడలేకపోయాను.

సెప్టెంబర్ 25

రజితను తీసుకుని ఆ చిప్పు అమ్మిన దుకాణానికి పోయాను. వాడు "మేమేం జేస్తం, పైనుంచే గట్ల వస్తది" అన్నాడు. ఆ మాట పూర్తిగా అనలేదు కూడా.

కాలర్ పట్టి లేపాను. కాళ్ళు నేలకు అందలేదు. వాడి వీపుతోనే గాజు బల్ల పగిలింది. గాజు ముక్కల్లో వాడు, వాడి మీద నేను. పక్క దుకాణాలవాళ్ళు షట్టర్ గుంజే ఇనుప కొక్కెంతో కొట్టారు, పక్కటెముకల మీద రెండు మూడు చోట్ల. ఒకడు చెవి మీద గుద్దాడు. నెత్తురు మెడ మీదుగా చొక్కాలోకి... నేను వదల్లేదు. తొడ కింద చెయ్యి వేసి ఒకణ్ణి ఎత్తి మెట్ల మీదికి విసిరాను. ఒళ్ళు పట్టు మరిచిపోలేదు, ఆ సంగతి తెలిసింది.

ఈ గొడవంతా నడుస్తుంటే రజిత లోపలికి వెళ్ళి, అలమరలోంచి సీలు తీయని పెట్టె తీసుకుని, దొంగ చిప్పు దాని చోట పెట్టి, మా బిల్లు వాడి ముందు పెట్టి సంతకం చేయించింది. నెత్తురు మూతితోనే సంతకం పెట్టాడు.

బస్సులో అన్నది, "నువ్వు కొట్టేది కొట్టినవ్, నేను మార్చేది మార్చిన."

సెప్టెంబర్ 28

దగ్గితే పక్కటెముకల్లో కత్తి గుచ్చినట్టుంది. డాక్టర్ దగ్గరికి పోను.

కొత్త చిప్పు ఆగడం లేదు. బిగుసుకోవడం లేదు. చల్లగా నడుస్తుంది.

అక్టోబర్ 2

కార్డు తెచ్చాం.

రెండు రకాలు పెట్టాడు దుకాణంవాడు బల్ల మీద. ఒకటి పోయిన ఏడాదిది, బజారంతా అదే కొంటుంది, జంగయ్య కొడుక్కి కొన్నదీ అదే. ఇంకొకటి కొత్తగా దిగింది, దాని నెత్తిన దానికే ఒక ఫ్యాన్. పాతది చాలు, మిగిలినదాంతో పెద్ద మానిటర్ తెద్దామన్నాను. పెద్ద టీవీ ఉంటే శత్రువు పెద్దగా కనిపిస్తాడు కదా. రజిత దుకాణంలోనే నా మీద అరిచింది. వాడు పాతది కొన్నాడు కాబట్టే మనం కొత్తది కొనాలట. వాడి దగ్గర లేనిది మన దగ్గర ఉండాలట.

ఈ మాటకు నా నెత్తురు పొంగింది. సరే అన్నాను.

సాయంత్రం నడిపించింది. ఇటుక ఇటుకా కనిపిస్తుంది. పొగ నిజం పొగలాగా సుడి తిరుగుతుంది. తూటా తగిలినవాడు ఊరికే మాయం కావడం లేదు, మోకాళ్ళ మీద పడి, పక్కకు ఒరిగి, గోడ మీద మరక వదిలి పోతున్నాడు. నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని చూశాను. ఇంత శుభ్రంగా చావడం ఎక్కడా చూడలేదు. ఇంకోణ్ణి చంపమన్నాను. ఇంకోణ్ణి.

అక్టోబర్ 5

మొన్నటి నుంచి రజితకు తాలీమ్ మొదలుపెట్టాను. పొద్దున నానబెట్టిన బాదాం, శనగలు. తరవాత దండీలు, బైఠకులు. తిట్టుకుంటూ తీస్తుంది. మణికట్టుకు ఆవనూనె మర్దన నేనే చేస్తున్నాను. భుజం కదలొద్దు, మోచెయ్యి కదలొద్దు, మణికట్టు ఒక్కటే. గురి చూసి కాల్చడం కాదు, కాల్చాక గురి చూసుకోమన్నాను. అర్థం లేని మాట అన్నది. మూడో రోజుకు అట్లాగే కాలుస్తుంది.

రెండువేలో సంవత్సరం వస్తే లోకంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని కోడలు ఎక్కడో విని వచ్చింది. "మా పందెం అక్టోబర్‌లనే" అన్నాను.

అక్టోబర్ 9

యూనివర్సిటీ రోడ్డులో, చెట్ల కింద, జంగయ్య మనుషులు రజిత సైకిల్ ఆపారు. ఒకడు హ్యాండిల్ పట్టుకుని, మేడం తుపాకి ఇంట్లో మరిచారా అన్నాడట. చున్నీ కొస లాగాడట. సైకిల్ పంపు తీసి వాడి మోకాలి చిప్ప మీద కొట్టింది. పడ్డాక ఇంకోసారి.

అన్నం తింటూ చెప్పింది. "రెండోసారి కొట్టుడు ఎక్కువైందేమో తాతా."

కాలేదన్నాను. చెయ్యి కడుక్కుని బయలుదేరాను. చున్నీ లాగినవాడు నడవలేక ఇంట్లో పడుకున్నాడు, వాడి పక్కనున్నవాడు సోడా బండి దగ్గర దొరికాడు. బొటనవేలు విరిచాను. ఎడమచేతిది. వాడూ ఆటగాడేనట, మౌస్ పట్టే చెయ్యి ముట్టుకోలేదు. పద్ధతి పద్ధతే.

అక్టోబర్ 13

దుకాణం మీద రాళ్ళు. మానిటర్ అద్దం బాంబులా పేలింది. రజిత కనుబొమ్మ తెగింది, కుట్లు పడ్డాయి. కొత్త మిషన్ ఇంట్లో ఉంది కాబట్టి బతికింది.

జంగయ్యను చంపేస్తాను అని రాస్తున్నాను. రాస్తే కాస్త తగ్గుతుంది. చేతికి ఏదో ఒక పని కావాలి.

అక్టోబర్ 19

దసరా. మేకపోతు తెగింది. మిషన్‌కు బొట్టు పెట్టబోతే రజిత అడ్డం నిలబడింది. డబ్బా మీదనే, కుంకుమే, నెత్తురు వద్దు, నీళ్ళు వద్దన్నది. లోపల కాస్త పసుపు చల్లబోతే చేతి మీద ఒక్కటి వేసింది. గుమ్మడికాయ మాత్రం నా ఇష్టప్రకారం పగలగొట్టాను. ఒక్క దెబ్బకు.

జమ్మి ఆకు పట్టుకుని కుర్రాళ్ళు వచ్చి కాళ్ళకు మొక్కారు. అందరి నోటా ఒకటే. ఆదివారం. ఆదివారం.

అక్టోబర్ 21

ఈరోజు జోడు చూసుకునే రోజు.

కుస్తీలో ఇది తప్పదు. పోటీకి ముందు ఇద్దరు ఉస్తాదులు ఇద్దరు పైల్వాన్లనూ పక్కపక్కన నిలబెట్టి, చేతులు కలిపించి, బరువు, ఎత్తు, మెడ చూస్తారు. జోడు కుదిరితేనే గోదాలోకి. కుదరకపోతే ఎంత పందెమైనా దించరు. కంప్యూటర్లకైనా ఇదే అని నేనే పట్టుబట్టాను. జంగయ్య కాదనలేకపోయాడు, వాడికి నేర్పింది నేనే కదా.

క్యాంపస్‌లో క్యాంటీన్ వెనక గది. రెండు మిషన్లు, మధ్య వైరు. పంచ్‌గా, అంటే తీర్పు చెప్పేవాడిగా, రాజశేఖర్ అని కడప వైపు కుర్రాడు, యూనివర్సిటీలో పరిశోధన చేస్తాడు, రెండు దుకాణాల్లోనూ ఆడతాడు, అందుకని ఇద్దరం ఒప్పుకున్నాం. ఊరికే ఒక ఆట ఆడించి చూద్దామన్నాడు.

రజిత శ్రీనును చంపింది. మళ్ళీ చంపింది. మెట్ల మీద, గుమ్మంలో, డ్రమ్ముల వెనక. నేను తొడ కొట్టాను. గది దద్దరిల్లింది. జంగయ్య మొహం నల్లబడింది. వాడి మొహం దగ్గరగా చూడాలని అటు పక్కకు నడిచాను.

అక్కడ శ్రీను బొమ్మ చూశాను.

పొగ లేచినప్పుడల్లా ఆగిపోతుంది. తూటాలు ఎక్కువైనప్పుడల్లా ఆగిపోతుంది. రెప్ప వేసినంత సేపు. మళ్ళీ కదిలేసరికి వాడు చచ్చి ఉన్నాడు. వాడి వేలు మీటుతూనే ఉంది, పాపం, వేగంగానే మీటుతుంది.

రాజశేఖర్‌ను బయటికి పిలిచి అడిగాను. "అది కార్డు తేడా పెద్దాయనా. పొగ గీయల్లంటే వాని కార్డుకు చేతకాదు, నిలబడిపోతాది. అప్పుడు వానికి ఏమీ కనపడదు. మీ పాపకి అంతా కనపడతాంటాది" అన్నాడు.

మరి జోడు కుదరనట్టేగా అన్నాను. నవ్వాడు. "ఎవరి మిషన్ వాళ్ళదే అని మీరే గదా ఒప్పుకున్నారు. తప్పేం లేదు."

తప్పేం లేదు. ఇంటికి వచ్చేదాకా అదే మాట. మిషన్‌ను తొక్కుడు రిక్షాలో పెట్టి వెనక నడిచాను. అది నేను మోసిన డబ్బా, బర్రెను అమ్మి తెచ్చిన కార్డు.

అక్టోబర్ 22

రజితకు చెప్పాను.

"జోడు కుదరలే బిడ్డా. కండ్లకు గంతలు కట్టినోన్ని కొడితే గది కుస్తీ కాదు."

"ఇది కుస్తీ కాదు తాతా."

"మరేంది?"

"వాళ్ళయ్య మన డబ్బాలు తూకానికి అమ్ముకోమన్నడు. వాని దోస్తులు నా చున్నీ గుంజిన్రు. రాళ్ళేసిన్రు." కుట్ల మీద వేలు పెట్టి చూపించింది. "అప్పుడు జోడు సూసిన్రా?"

నేను డబ్బా మీద చెయ్యి వేశాను.

"గా కార్డు నేను ఏరుకున్నది. ముట్టుకోకు."

మధ్యాహ్నం రోడ్డు దాటాను. వాడి గడప తొక్కడం ఇదే మొదలు. మనుషులు కర్రలతో లేచారు. కొట్టుకోవడానికి రాలేదన్నాను. జంగయ్యకు చెప్పాను, నీ కొడుక్కీ మా కార్డులాంటిదే తెచ్చి పెట్టు, వాయిదా అడుగు, నేను ఒప్పుకుంటాను, నీ దగ్గర లేకపోతే నేను తెచ్చి పెడతాను.

వాడు ఊడిన పన్ను సందులోంచి నవ్వాడు. "నువ్విచ్చిన కార్డుతోని గెలిస్తే నువ్వు గెలిచినట్టు, ఓడితే నేను ఓడినట్టు. మంచి పట్టే ఉస్తాద్. గీ పట్టు నాకు నేర్పలే."

గొంతు పట్టుకున్నాను. ఎంతసేపు పట్టుకున్నానో. వాడి కళ్ళు ఎర్రబడ్డాక శ్రీను నా మణికట్టు మీద చెయ్యి వేశాడు. లాగలేదు, గుద్దలేదు. ఊరికే వేశాడు. వదిలేశాను.

అక్టోబర్ 23

వాడిది పెంచలేం. ఇక మిగిలింది మాది దించడం.

రాజశేఖర్ మిషన్‌లో ఉన్నది ఆ పాత రకం కార్డే. రేపటికి ఇమ్మంటే ఇచ్చాడు. "మీ పాపకి తెలుసా పెద్దాయనా?" అన్నాడు. తెలుసన్నాను.

రజిత కాలేజీకి పోయింది. కోడలు నీళ్ళ దగ్గర. డబ్బా మూత తీశాను. కార్డు కనిపిస్తుంది, ఫ్యాన్‌తో. రజిత పెట్టేటప్పుడు ఒక్క నొక్కు నొక్కింది, తీయడమూ అంతే అనుకున్నాను. పట్టుకుని లాగాను. రాలేదు. కాలు డబ్బాకు తన్నిపెట్టి, ఇంకాస్త బలం...

తరవాత రాస్తాను.

అదే రోజు

విరిగింది. కార్డు ఒకటే కాదు. అది కూర్చునే గాడి పచ్చపలకతో సహా చీలి వచ్చింది. పక్కన ఒక మర ఉంది, ముందు అది విప్పాల్సింది. నాకు తెలియదు. రాజశేఖర్ కార్డు పెట్టడానికి చోటే లేదు.

తీయాలనుకున్నది తప్పు కాదు. ఎవరు అడిగినా ఇదే చెబుతాను. తీసిన విధం తప్పు.

రజిత సైకిల్ గంట వినిపిస్తుంది.

అక్టోబర్ 24, ఆదివారం, పొద్దున

కొట్టింది. చెంప మీద. పళ్ళు నాలుకను కోశాయి. బాగానే కొట్టింది, మణికట్టుతోనే. కోడలు అడ్డం వస్తే నేనే పక్కకు నెట్టాను. తరవాత ఒక్క మాట లేదు. నిన్నటి నుంచి ఒక్క మాట లేదు. చాప మీద ముక్కలు ముందేసుకుని కూర్చుంది.

పొద్దున దుకాణానికి పోయేసరికి కబురు పాకింది. మిషన్ లేదు కాబట్టి ఓడినట్టేనని జంగయ్య మనుషులు మా షట్టర్ దించడానికి వచ్చారు. తాలీమ్‌లో తిప్పే కర్ర గద వెంట ఉంది. మొదటివాడు షట్టర్ మీద చెయ్యి వేశాడు, భుజం మీద దించాను, చెయ్యి వేలాడిపోయింది. రెండోవాడు కడుపులో తిన్నాడు. మూడోవాడి దగ్గర చాకు. ఎడమ ముంజేయి పొడుగునా గీశాడు. కాలిపోయినట్టుంది, నెత్తురు వేళ్ళ నుంచి కారి గద జారిపోతుంది. అయినా తిప్పాను. వెనక్కి తగ్గలేదు. పక్కటెముకల్లో పాత కత్తి మళ్ళీ గుచ్చింది. మోకాలి మీద పడ్డాను. ఎవడో నెత్తిన తన్నాడు.

వాళ్ళను ఆపింది శ్రీను. చాకువాడి చెయ్యి పట్టి మెలిపెట్టి, వాళ్ళ నాయన వైపు తిరిగాడు.

"మొన్న నా స్క్రీన్ ఆగితే సచ్చిన. గది ఓటమి కాదనుకున్న. ఇయ్యాల ఆమెకు మిషనే లేదు. ఇదేం గెలుపు నాయినా?"

జంగయ్య లోపలికి నడువన్నాడు. వాడు కదల్లేదు. అప్పటికి రజిత వచ్చి నిలబడి ఉంది, ఎప్పుడు వచ్చిందో. నా నెత్తురు వంక చూసింది, నా మొహం వంక చూడలేదు. రోడ్డు అవతల దుకాణం వైపు చెయ్యి చూపించింది.

"మీకాడ ఒక్కతీరు మిషన్లు రెండున్నయి గద. గాడనే ఆడుత."

జంగయ్య బిత్తరపోయి చూశాడు. తన దుకాణంలో, తన కుర్చీలో, తన మౌస్‌తోనే ఆడాలన్నాడు. ఒప్పుకుంది. షరతు పాతదే. ఓడినవాళ్ళు తార్నాక వదలాలి. రాజశేఖర్ ఒక్కటే కలిపాడు, ఉస్తాదులిద్దరూ బయటే ఉండాలి. ఎవరు లోపల అడుగుపెడితే ఆ పక్క ఓడినట్టు.

అదే రోజు, మధ్యాహ్నం

జంగయ్య దుకాణం ముందు అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. పుస్తకం చేతిలో లేకపోతే ఈ చెయ్యి ఏం చేస్తుందో చెప్పలేను. ఎడమ చేతికి గుడ్డ కట్టారు, తడిసి అట్ట కట్టింది.

పక్కనే జంగయ్య. మధ్య ఒక మనిషి పట్టేంత జాగా. వాడి మెడ మీద నా వేళ్ళ గుర్తులు నల్లగా ఉన్నాయి.

షట్టర్ సగానికి దించారు, జనం దూరకుండా. కాళ్ళు కనిపిస్తాయి, అంతే. లోపల తుపాకుల మోత. పొగ లేచిన చప్పుడు, డ్రమ్ములు దొర్లిన చప్పుడు. ఒకరు చస్తారు. జనం గోల పెడతారు. ఎవరు చచ్చారో తెలియదు. మేమిద్దరం ఉలిక్కిపడతాం, ఒక్కసారే.

ఇందాక రాజశేఖర్ వంగి బయటికి వచ్చాడు. సమానంగా ఉన్నారట. ఎవరు ముందుకు పోయినా రెండోవాళ్ళు అందుకుంటున్నారట. ఇంక ఆఖరి ఆట. ఎవరు ఎక్కువ చంపితే వాళ్ళు.

రజిత కూడా వచ్చింది, నీళ్ళకు. కుట్ల దగ్గర చెమట. బాటిల్ ఎత్తి తాగింది, మెడ మీద పోసుకుంది. ఎట్లా ఉన్నదని అడగబోయాను. నాకన్నా ముందు అదే అన్నది.

"గట్టోడే తాతా. అస్సలు ఆగుతలేడు."

కళ్ళు వెలుగుతున్నాయి. కొత్త మిషన్ తెచ్చిన రోజు కూడా ఆ కళ్ళు అట్లా లేవు. క్యాంటీన్ గదిలో గెలిచిన రోజూ లేవు. షట్టర్ కింద నుంచి లోపలికి దూరింది.

జంగయ్య విన్నాడు.

మొదలైంది. ఆగి ఆగి ఒక్కొక్క తూటా. ఇద్దరూ నక్కి ఉన్నట్టున్నారు. జనం నోళ్ళు మూసుకున్నారు. బస్సు ఒకటి హారన్ కొడుతూ పోయింది, దాన్ని రాయితో కొట్టాలనిపించింది. ఏమీ వినపడనివ్వలేదు.

ఒక్కసారి వరసగా మోత.

ఎవరో పడ్డారు. లోపల కేక. ఎవరి పేరూ లేదు ఆ కేకలో. షట్టర్ కింద కాళ్ళన్నీ కదులుతున్నాయి. జంగయ్య నా ఎడమ చెయ్యి పట్టుకున్నాడు, గుడ్డ మీదే, గాయం మీదే, గట్టిగా. పట్టు వేశాడో, ఊరికే పట్టుకున్నాడో... విడిపించుకోలేదు నేను. షట్టర్ లేస్తుంది—